సొట్ట గంజు బొమ్మ

గంజి పొంగి స్టవ్వు మీద పడిన వాసన వస్తే చాలు, నాకు గంగారాం మామ గుర్తొస్తాడు. సూరత్ గోడాదరాలో మా పక్క గది ఆయనది. ముప్పై ఏళ్లు చీరల అచ్చుకు డిజైన్లు గీసి, కంప్యూటర్లు వచ్చాక ఇంట్లో కూర్చున్నాడు. మాకు చుట్టం కాదు. మా కరీంనగర్ వైపు మనిషి గనుక మామ. నా సంగతి అంటారా, సూరత్ నుంచి బార్డోలీ దాకా పరిచేంత చీరను ఒక్కరోజులో నేశానని ఇప్పటికీ చెబుతుంటాను. నమ్మినవాళ్లూ ఉన్నారు.

లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగాయి. చాలామంది నడిచి ఊళ్లకు బయలుదేరారు. నేనూ మూట కట్టాను. నా భార్య లక్ష్మికి ఎనిమిదో నెల. "మెల్లగ పోదాం" అన్నాను, ఏదో సూరత్‌లోనే ఉన్న కతర్‌గామ్ దాకా వెళ్లొచ్చేటట్టు. చివరగా అన్నం వండే సత్తు గంజును మూటలో పెడుతుంటే మామ గుమ్మంలో నిలబడ్డాడు.

"రాజం, ఆ గంజు జర ఒక్క దినమియ్యి. బొమ్మ గీస్త."

"గీ మసిబట్టిన గంజుల ఏం సక్కదనం కనవడ్డదే మామా?"

"కనవడ్డంకనే అడుగుతున్న."

గంజు లేకుండా దారిలో వండుకునేదెట్లా? ఆగాం. ఆ పూట నుంచి మా తిండి ఆయనింట్లోనే. మర్నాడు వెళితే "రంగు ఇంకా ఆరలే" అన్నాడు. మూడోనాడు "సొట్ట కుదురుతలేదు" అన్నాడు. ఐదోనాడు కోపంతో నేరుగా లోపలికి వెళ్లాను. లక్ష్మి నా వెనకే వచ్చింది.

బొమ్మ గోడకు ఉంది. చూసి నవ్వాను. సగం గంజు కాగితం కుడి అంచున, తక్కిన సగం ఎడమ అంచున.

"ఏంది మామా, గంజును గిట్ల నడుమకు కోసినవ్?"

ఆయన సిగ్గుపడ్డాడు. "చెయ్యికి అలవాటురా. చీర డిజైను ఈ అంచుకాడ తెగితే ఆ అంచుకాడ అతకాలె. లేకుంటే బట్ట మీద పువ్వు విరుగుతది."

కాగితాన్ని గొట్టంలా చుట్టాడు. గంజు అతుక్కుంది. మసిలో నీలం ఉంది, ఊదా ఉంది. సొట్ట మీది మెరుపుకు రంగే వేయలేదు. కాగితాన్ని అక్కడ తెల్లగా వదిలేశాడు. రోజూ వండుకుతినే గంజును నేను అప్పుడే చూశాను.

"ఆరిందా మరి?" అని లక్ష్మి అడిగింది.

"మొదటి దినమే ఆరింది బిడ్డా."

కోతలకు పేరుపడ్డవాణ్ణి, ఆయన అబద్ధాన్ని ఐదు రోజులు నమ్మాను. లక్ష్మి మెల్లగా కింద కూర్చుంది. "నాకు నడువబుద్ధయితలేదు" అంది. మూట కట్టిన నాటి నుంచి నేను ఆమెను అడగని మాట అది. వెళ్లి మూట విప్పాను.

మా అమ్మాయి సూరత్‌లోనే పుట్టింది. మరుసటి ఏడు కరోనా మామను తీసుకుపోయింది. గంజు ఇంకా వాడుతున్నాం, బొమ్మ ఇప్పుడు మా గోడకుంది. బొమ్మలో అది ఎందుకు తెగిందని అమ్మాయి అడిగితే పులి కొరికిందని ఒకసారి, రైలు గుద్దిందని ఒకసారి చెప్పాను. నమ్మలేదు. ఇప్పుడు అడిగితే బొమ్మ దించి, రెండంచులూ కలిపి ఆమె చేతికిస్తాను. అమ్మాయి దాన్ని తిప్పి తిప్పి చూస్తున్నంతసేపు నేను ఒక్క కోతా కోయను.