చివరి భంగిమకు ఎన్ని సెకన్లు?

ఈ సాయంత్రం ఇక్కడ గల్ఫ్‌లో, వాడి కబీర్ అనే పేటలో మా ఆవిడ శిష్యురాళ్ల నాట్య ప్రదర్శన జరిగింది. ఆమె పోయాక ఇదే మొదటిది. ఎప్పటిలాగే స్టేజీ లైట్లు నావే. ఈసారి మా కంపెనీ లైటింగ్ కన్సోల్‌కు ఏఐ ఏజెంట్‌ను కలిపింది. మామూలు మాటల్లో టైప్ చేస్తే చాలు, లైట్లను అదే పెంచుతుంది, తగ్గిస్తుంది. రిహార్సల్లో అన్నీ చక్కగా చేసి, చివరి భంగిమ దగ్గర ఆగింది.

"ఎన్ని సెకన్లలో చీకటి చెయ్యాలని అడుగుతాంది అన్నా," అన్నాడు నాతో పనిచేసే కడప ఖాదర్.

"తెలీదు. మీ వదిన పక్క తెర దగ్గర నిలబడి మెల్లగా చెయ్యి దించేది. దాన్ని చూస్తూ నేను లైటు దించేవాణ్ణి."

"అది దీనికెట్ల చెప్పేదన్నా?"

ఆ ఒక్కటి నేనే చేస్తానన్నాను. ప్రదర్శనలో లైటు తగ్గించే ఫేడర్ మీద చెయ్యి పెట్టి, అలవాటుగా పక్క తెర వైపు చూశాను. చూస్తూనే ఉండిపోయాను. పిల్లలు పాపం కదలకుండా నిలబడ్డారు. "అన్నా, లైటు!" అని ఖాదర్ భుజం తట్టాడు.

తర్వాత ఒక తల్లి వచ్చి, చివర్లో వెలుగు అంతసేపు ఉంచడంతో ఫోటోలు బాగా వచ్చాయని మెచ్చుకుంది. సంతోషమే. ఇది చదివే మీ దగ్గర మా పాత ప్రదర్శనల ఫోటోలుంటే ఒకసారి అంచుల్లో చూడండి. పక్క తెర దగ్గర ఆమె కనిపిస్తే నాకు పంపండి.