మెడ చూపిన ఆదివారాలు

మైపాడు రేవులో నలభై ఏళ్లలో అరవై రెండు పడవలు కట్టినవాణ్ణి నేను. పేరు నాగుల్ మీరా. చదివింది ఊరి బడిలో అయిదో తరగతే అయినా, కొయ్య మీద అరచెయ్యి ఆనిస్తే అది నీటికి ఎన్నాళ్లు ఆగుతుందో చెప్పగలను. ఒక తుఫానుకు రేవులో పదకొండు పడవలు పగిలితే వాటిలో నేను కట్టింది ఒక్కటీ లేదు. ఇదంతా ఊరు ఒప్పుకుంటుంది. అయితే నేను చేసిన పనుల్లో పెద్దది పడవ కాదు. గంగాధరం చేత ఇనుము దించించడం.

గంగాధరం మా ఊళ్లో వాతలు పెట్టేవాడు. ఎవరికి కామెర్లు వచ్చినా జానెడు ఇనుప కమ్మీని నిప్పుల్లో ఎర్రగా కాల్చి ఒంటి మీద అద్దేవాడు. ఆదివారం పొద్దున మాత్రమే. డబ్బు ముట్టడు. ఒక కొబ్బరికాయ, రెండు తమలపాకులు తీసుకుంటాడు, అంతే. అందుకే ఆయన్ను ఎవరూ ఒక్క మాట అనరు. నాకు పదకొండో ఏట కామెర్లొస్తే కుడి చెవి కింద, మెడ మీద పెట్టాడు. ఏడవని పిల్లలకు ఆ కొబ్బరికాయలో సగం చెక్క తిరిగి ఇవ్వడం ఆయన పద్ధతి. నేను ఏడవలేదు. ఆ చెక్క చేత్తో పట్టుకొని వీధంతా తిరిగాను.

ముప్పయ్యేళ్ల తర్వాత, పంతొమ్మిది వందల అరవై ఒకటిలో, ఆ వాత మచ్చ పగిలి పుండైంది. ఎండకూ ఉప్పుగాలికీ అనుకున్నాను. నెలలు గడిచినా మానలేదు, అంచులు గట్టిపడి పైకి లేచాయి. నా భార్య లాల్‌బీ ఆసుపత్రికి పోదామని పోరుతుంటే వినకుండా మళ్లీ గంగాధరం దగ్గరికే పోయాను. ఆయన పుండు మీదే ఇంకో వాత పెట్టాడు. అప్పుడూ ఏడవలేదు. సగం చెక్క ఇస్తే, నలభై దాటిన మనిషినై ఉండీ, పొగరుగా తీసుకున్నాను.

రెండు నెలల్లో పుండు రెట్టింపైంది. గంగాధరం నాతో ఏమీ అనలేదు. ఊరికి మాత్రం చెప్పాడు: సాయిబు పథ్యం తప్పాడు, వాత పెట్టిన మూడో నాడే చేపల పులుసు తిన్నాడు అని. ఇరవై ఒక్క రోజులు చప్పిడి గంజి తాగినవాణ్ణి నేను. నోరు కట్టుకోలేనివాడు పడవేం కడతాడని రేవులో నవ్వారు. రావలసిన పనులు రెండు వేరేవాళ్లకు పోయాయి.

చివరికి లాల్‌బీ మాట విని మద్రాసు ఆసుపత్రికి పోయాను. అక్కడ డాక్టరు సంజీవరావు గారు ముక్క తీసి పరీక్షకు పంపారు. కాలిన మచ్చలో చాలా ఏళ్లకు ఇట్లా చర్మపు క్యాన్సర్ పుట్టవచ్చని, మనవాళ్లు రాచపుండు అనేది దీన్నేనని, లోపలికి పాకకముందే కోసి తియ్యాలని చెప్పారు. నేను పథ్యం సంగతి అడిగాను.

"పులుసు తింటే ఇది రాదయ్యా. కాల్చినందుకు వచ్చింది," అన్నారు.

ఆ మాట కాగితం మీద రాసిమ్మన్నాను. బతికి వెళ్లి నువ్వే చెప్పు అని నవ్వారు. మత్తు ఇచ్చేటప్పుడు అందరూ దేవుణ్ణి తలుచుకుంటారట. నేను గంగాధరాన్ని తలుచుకున్నాను.

పుండు చుట్టూ వేలెడు మేర మంచి చర్మం కూడా కోసేశారు. చెవి తమ్మె పోయింది. తొడ మీది చర్మాన్ని చిత్రిక పట్టినంత పల్చగా తీసి మెడకు అతికించారు. అది అతుక్కుంది. బతికాను.

ఇంటికొచ్చాక లాల్‌బీ తువ్వాలు చుట్టుకోమంది. ఆరు రోజులు చుట్టుకున్నాను. ఆదివారం పొద్దున్నే విప్పేసి, గంగాధరం గడప ముందర ఒక పాత పడవ పలక వేసుకొని కూర్చున్నాను. బిడ్డను చంకనేసుకొని వచ్చిన ప్రతి తల్లికీ మెడ తిప్పి గుంట చూపించి, ఎవరు కాల్చిందీ, ఏమేం కోసిందీ చెప్పాను. తిట్టలేదు, గొంతు పెంచలేదు. మొదటి రోజే ఇద్దరు వెనక్కి తిరిగిపోయారు.

గంగాధరం బయటికొచ్చాడు. "ఏంది సాయిబూ, నా వాకిట్లో నీ కొలువేంది?"

"నీ పనితనం చూపిస్తుండా మామా. నీకే గదా పేరు."

"పథ్యం తప్పినోడివి నువ్వు."

"అట్నే చెప్పు. నువ్వు నోటితో చెప్పు, నేను మెడతో చెప్తా. ఎవురిది వింటారో చూద్దాం."

రెండేళ్లు ఒక్క ఆదివారం తప్పలేదు. వానలో గొడుగేసుకొని కూర్చున్నాను. బతికావు కదా, ఇంకెందుకీ పగ అని లాల్‌బీ అంటే, బతికిందే ఇందుకన్నాను. ఆయన వాకిట్లో కొబ్బరి పీచు కనపడడం మానేసింది.

ఒక ఆదివారం గంగాధరం తలుపు తీసుకొని వచ్చాడు. భుజాన నాలుగేళ్ల మనవరాలు, కళ్లు పసుపుముద్దల్లా ఉన్నాయి. వెనక పొయ్యిలో నిప్పు ఎర్రగా ఉంది. ఆయన నా మెడకేసి చూశాడు. రెండేళ్లలో సూటిగా చూడడం అదే మొదలు.

"జరుగు. బస్సు పోతాది," అన్నాడు.

"ఎక్కడికి మామా? ఇనుము కాల్లేదా?"

"నెల్లూరాసుపత్రికి."

వీధిలోవాళ్లు నిలబడి చూస్తున్నారు. నేను జరగలేదు.

"నేను పులుసు తిన్నానా మామా?"

ఆయన పిల్లను భుజం మార్చుకున్నాడు. "తినలేదు."

"వాళ్లకు వినపళ్లా."

"తినలేదు. సాయిబు పథ్యం తప్పలేదు. జరుగు అబ్బయా."

అప్పుడు పలక ఎత్తి దారిచ్చాను.

పిల్లకు నయమైంది. ఆ వారమే గంగాధరం భార్య పేరమ్మ కమ్మీని గుడ్డలో చుట్టి తెచ్చి మా అరుగు మీద పెట్టిపోయింది. దాన్ని కొలిమిలో ఆఖరిసారి ఎర్రగా కాల్పించి, నాలుగు మేకులు చేయించి, అప్పుడు కడుతున్న పడవ మొనకు నా చేత్తోనే కొట్టాను. ఆ పడవను నీళ్లలోకి దించేనాడు దాని సొంతదారులు కొట్టిన కొబ్బరికాయలో సగం చెక్క అడిగి తీసుకొని గంగాధరానికి పంపించాను.

ఆ రోజు వీధిలో అంతమంది ముందు ఆయన కూడా ఏడవలేదు కదా.