గానుగ దగ్గర అత్తయ్య వారం

మా పక్కింటి అత్తయ్య పోయింది. తెల్లవారుతూనే ఆవిడ కోడలు ప్రహరీ మీదుగా తొంగిచూసి, "వదినా, అత్తయ్య లేవడం లేదు" అంది. ఆవిడ నాకు చుట్టం కాదు. మా క్యాంపులో అందరికీ అత్తయ్యే, అందరికీ చీవాట్లు పెట్టేది.

కాలువ నీళ్లను నమ్ముకుని కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలు మల్లట్ అనే ఊరి దగ్గర వేసుకున్న క్యాంపు మాది. కాగితాల్లో మాది ఊరే కాదు. పంచాయతీ లేదు, రేషన్ కొట్టు లేదు, పెద్దమనిషంటూ ఎవరూ లేరు. అందరం కలిసి పెట్టుకున్న నూనె గానుగ మాత్రం ఉంది. మల్లట్ వాళ్లు వేరుశనగ తెచ్చి, మా దగ్గర వడ్లూ గానుగ నూనే పట్టుకెళ్తారు. వారానికో ఇల్లు వంతు వేసుకుని గానుగ ఆడిస్తుంది. ఆడించిన ఇల్లు తన నూనె అందరి తర్వాతే పోసుకోవాలి. ఆ మాట మొదట అన్నది అత్తయ్య, సరేనన్నది మేమంతా.

తన వారం వస్తే ఆవిడ హడావుడి చూడాలి. కొంగు బిగించి గింజల్లో రాళ్లు ఏరేది. ఎవరి డబ్బా సరిగా కడగలేదో వాసన చూసి వెనక్కి పంపేది. ఎక్కువసార్లు వెనక్కి వచ్చింది నా డబ్బానే. అప్పుడు ఒళ్లు మండేది. ఇప్పుడు అలా వెనక్కి పంపేవాళ్లు లేరంటే ఏడుపొస్తోంది.

వానల్లేని ఏడాది గింజలు బాగా తగ్గిపోయాయి. సరిగ్గా అప్పుడే ఆవిడ వంతు, ఇంట్లో కూతురు బాలింత. ముందే కాస్త పక్కన తీసిపెట్టుకోమని చెవిలో చెప్పాను. ఆవిడ పోస్తున్న చెయ్యి ఆపలేదు.

"నేను ముందు పోసుకుంటే రేపు అందరూ ముందుకే తోసుకొస్తారే. అప్పుడు ఆపడానికి మనకెవరున్నారు?"

చివరికి ఆవిడకి మిగిలింది అడుగున మడ్డి. నూనె ఇస్తే తిప్పి పంపుతుందని, ఇంటింటి నుంచీ కూరలు వండి పంపాం. గిన్నెలు తిరిగి ఇస్తూ, ఎవరి కూరలో ఉప్పెక్కువైందో వాళ్లకి చెప్పింది.

ఆవిడ పోయినప్పటి నుంచి నాకొకటే బెంగ. ఆ గద్దింపు లేకపోతే ఈ వంతులు నిలుస్తాయా, గానుగ దగ్గర కొట్టుకుంటామా అని.

పెద్దకర్మ అయ్యాక ఆ ఇంటి వారం వచ్చింది. కోడలు గానుగ ఆడించింది, డ్రమ్ము నిండింది. డబ్బాలతో అందరం వచ్చాం గానీ ఎవరూ ముందుకు కదల్లేదు. మల్లట్ నుంచి వేరుశనగ తెచ్చే ఆవిణ్ణి ముందు వెళ్లమన్నాను.

"ఎప్పుడూ ఆఖరికి వోస్కున్న అత్తమ్మ వారం గదమ్మా ఇది. ముందుగాల నేనెట్ల వోస్కుంట?" అని తనూ వెనక్కి జరిగింది.

కోడలు గరిటె పట్టుకుని డ్రమ్ము దగ్గర ఎదురుచూస్తోంది. మేమంతా ఖాళీ డబ్బాలతో గానుగ షెడ్డు వెనకగోడకి ఆనుకుని, నువ్వెళ్లంటే నువ్వెళ్లు అనుకుంటూ నిలబడిపోయాం.