నా పేరుకు పలికిన తల్లి

నా చిన్నప్పుడు నాకు ఇద్దరు తల్లులు. కన్నతల్లి ఒకరు, చేటలోంచి ఎత్తుకున్న తల్లి ఒకరు. ఈ మాట అనగానే మా మనవలు ఏదో పెద్ద రహస్యం ఉందనుకుని దగ్గరికి జరుగుతారు. రహస్యమేమీ లేదు. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య ఉన్న మా ఊళ్లో, ఆ చుట్టుపక్కల ఊళ్లలో, బిడ్డలు దక్కని ఇళ్లలో ఏం చేస్తారో మా ఇంట్లోనూ అదే చేశారు.

నాకంటే ముందు మా అమ్మకు ఇద్దరు మగపిల్లలు పుట్టి, పురుడు తీరకముందే పోయారు. మూడో కాన్పులో నేను. నేను పుట్టగానే మా అవ్వ, అంటే మా నాయన తల్లి, నన్ను ముద్దు చేయలేదట, ముఖం కూడా సరిగ్గా చూడలేదట. చేటలో నూకలు పోసి, పైన పాత గుడ్డ పరిచి, నన్ను పడుకోబెట్టి, పెరట్లో తిప్ప మీద పెట్టి వచ్చింది. తిప్ప అంటే పేడదిబ్బ. ముందే చెప్పి ఉంచిన ఒకామె ఏమీ తెలియనట్టు ఆ దారిన నడిచి వచ్చి, "ఎవురిదో బిడ్డ ఈడ పడుండాదే" అని వీధంతా వినపడేలా అరిచి, నన్ను ఎత్తుకుని తన ఇంటికి తీసుకుపోయింది. సాయంత్రం మా అవ్వ ఆ ఇంటికి పోయి, చేటెడు తవుడు పోసి నన్ను కొనుక్కుని వచ్చింది. ఇప్పుడు నేను ఆ ఇంట్లో పుట్టిన బిడ్డను కాను, తిప్ప మీద దొరికి తవుడుకు వచ్చిన బిడ్డను. ఇంత విలువ తక్కువ దాన్ని చావు మాత్రం ఏం చేసుకుంటుందని పెద్దవాళ్ల నమ్మకం. ఎత్తుకున్న ఆమెకే పేరు పెట్టే హక్కు ఉంటుంది కాబట్టి ఆమే పెట్టింది, తిప్పమ్మ అని.

ఆమె మా చేనికి కలుపు తీయడానికి, పత్తి ఏరడానికి వచ్చే కూలిమనిషి. కన్న బిడ్డలందరూ గుండ్రాళ్లలా దక్కారు గనుక ఆమె చెయ్యి మంచిదని మా అవ్వ ఆమెను ఎంచుకుంది. హొళగుంద వైపు నుంచి మా ఊరికి కోడలుగా వచ్చింది. తెలుగులో కన్నడం కలిపి మాట్లాడేది. నన్ను 'కూసా' అని పిలిచేది. కూసు అంటే వాళ్ల మాటలో పసిబిడ్డ. మా ఇంట్లో అందరూ ఆమెను ఎత్తుకున్నమ్మ అనేవాళ్లు, నేనూ అంతే.

ప్రతి ఏడూ శనక్కాయలు పీకే రోజుల్లో తన కూలి కింద వచ్చిన కాయల్లోంచి కొంగు నిండా తెచ్చి నా ఒళ్లో పోసేది. చేను మాది, మా ఇంట్లో శనక్కాయలకు కరువా? అయినా నేను తినేదాకా ఎదురుగా కూర్చునేది, ఒక్క కాయ పక్కన పడేసినా ఊరుకునేది కాదు. మా అవ్వ నవ్వేది. మనకు ఉన్నదే మనకు తెచ్చిస్తుంది పిచ్చిది, అనేది. నేనూ నవ్వేదాన్ని.

ఐదో తరగతి అయ్యాక నన్ను ఆదోనిలో మా మేనమామ ఇంట్లో ఉంచి చదివించాలని మా నాయన నిశ్చయించుకున్నాడు. మేనమామ పత్తి మిల్లులో పని చేసేవాడు. బడిలో చేర్చడానికి పోయిన రోజు నా పేరు అడిగారు, చెప్పాను. వరుసలో నా వెనకున్న పిల్లలు ముందు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు, తరవాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఒకమ్మాయి ముక్కు మూసుకుంది. మా ఊళ్లో తిప్పమ్మలు, తిప్పన్నలు వీధికి ఇద్దరు ఉండేవాళ్లు, అందులో నవ్వడానికి ఏముందో నాకు అంతవరకూ తెలియదు. ఆ రోజు తెలిసింది. పెద్ద పంతులమ్మ మంచిది, మా నాయనను పక్కకు పిలిచి, పేరు మార్చాలంటే ఇప్పుడే సులువు, ఆలోచించుకుని వచ్చే వారం రండి, అని చెప్పి పంపింది. బస్సులో ఊరికి వస్తున్నంతసేపూ నేను ఏ పేరైతే బాగుంటుందా అని లోలోపల ఒక్కొక్కటే పలికి చూసుకుంటూ వచ్చాను.

ఇంట్లో ఆ మాట చెప్పగానే మా అమ్మ చేతిలో ఉన్న పని వదిలేసింది. నాయన ఎదుట గొంతు ఎత్తని మనిషి ఆ రోజు ఎత్తింది. "పేరు తీసిన పొద్దే అది వస్తాది. ఇద్దర్ని పూడ్సినాను. ఇంకొగర్ని పూడ్సే ఓపిక నాకు లేదు" అంది. మా నాయనకూ కోపం వచ్చింది. "ఇంకా ఎన్నేండ్లు నా బిడ్డను తిప్ప మీదనే పెడతారు?" అని కండువా విసిరికొట్టి బయటికి పోయాడు. అమ్మ అన్నం ముట్టలేదు. నాకు ఆ పేరు పోవాలనే ఉంది. కానీ 'అది' వస్తుందన్న మాట విన్నాక, అది ఎట్లా ఉంటుందో, ఏ వాకిట్లోంచి వస్తుందో అని తలుపుల వైపే చూస్తూ కూర్చున్నాను. మా అవ్వ ఇద్దరి వైపూ మాట్లాడలేదు. పేరు ఇచ్చినామె ఉంది కదా, తీసినా ఆమే తీయాల, అని మాత్రం అని కబురు పంపింది.

ఎత్తుకున్నమ్మ పత్తి చేనిలోంచే వచ్చింది. జుట్టుకూ చీరకూ పత్తి పింజలు అంటుకుని ఉన్నాయి. ఎప్పటిలాగే గడప బయట కూర్చుంది. మా నాయన చెప్పలేక చెప్పలేక చెప్పాడు. ఒకరు ఇచ్చిన వస్తువును తిరిగి తీసుకొమ్మని చెప్పడం ఎంత కష్టమో అప్పుడు మా నాయన ముఖంలో చూశాను. ఆమె నొచ్చుకుంటుందని, తిడుతుందని అందరం అనుకున్నాం. ఆమె నా వైపు తిరిగి, "పేరు బరువయ్యిందా కూసా?" అని అడిగింది. నేను తల ఊపాను. "అయితాది లేమ్మా" అంది. గొంతులో కోపం లేదు.

తరవాత కాసేపు మా అమ్మను చూస్తూ ఉండిపోయింది. కళ్లు వాచి, గోడకు ఆనుకుని కూర్చున్న మా అమ్మను. చూసి చూసి లేచి, చేటలో జొన్నలు పోసి ఇమ్మని మా అవ్వను అడిగింది. నన్ను చెయ్యి పట్టుకుని పెరట్లోకి, ఆ తిప్ప దగ్గరికే తీసుకుపోయింది. ఇంట్లోవాళ్లందరూ వెనకే వచ్చారు.

"నేను పిలుస్తా. నువ్వు పలకొద్దు. ఎంత పిలిసినా పలకొద్దు, తెలిసిందా?" అని నన్ను ఒక పక్కన నిలబెట్టి, తాను తిప్పకు ఆ పక్కన నిలబడింది. నిలబడి, ఊరి బయట ఉన్న ఎండు చేల వైపు ముఖం తిప్పి, "తిప్పమ్మా!" అని గట్టిగా కేకేసింది. పుట్టినప్పటి నుంచీ పలికిన పేరు. 'ఓ' అన్న మాట గొంతు దాకా వచ్చేసింది. పెదవి కొరుక్కుని నిలబడ్డాను. మళ్లీ పిలిచింది. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మళ్లీ పిలిచి, ఈసారి తానే, "ఓ! నేనే. ఈడనే ఉండాను" అని పలికింది. అంత దూరాన ఎవరో నిలబడి వింటున్నట్టు, వాళ్లకు స్పష్టంగా వినపడాలన్నట్టు పలికింది.

అప్పుడు నా దగ్గరికి వచ్చి, నా పావడా అంచు పట్టించి, చేటలో జొన్నలన్నీ ఒళ్లో పోసి, నెత్తిన చెయ్యి పెట్టింది. "మీ నాయన ఏం పేరు పెడితే ఆ పేరుతో నూరేండ్లు బతుకు తల్లీ. పాతది నా తావ ఉంటాది. దాన్ని ఎతుక్కుంటా ఎవురన్నా వస్తే నా గడపకే వస్తారు, నీ తంటాకు రారు" అంది. మా అమ్మ వచ్చి ఆమె కాళ్ల మీద పడింది. మా ఇళ్లలో కూలిమనిషి కాళ్లు పట్టుకోవడం అప్పటికి ఎవరూ చూడలేదు. మా నాయన పశువుల పాక వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ మధ్యాహ్నం మా అమ్మ కడుపు నిండా అన్నం తింది.

అట్లాంటి తంతు మా వైపు ఎక్కడా లేదని చాలా ఏళ్ల తరవాత మా అవ్వ చెప్పింది. తిప్ప మీద పెట్టడం ఉంది, తవుడుకు కొనడం ఉంది, పేరు తిరిగి తీసుకోవడం ఎవరూ ఎరుగరు. మా అమ్మ ముఖం చూసి ఎత్తుకున్నమ్మ అప్పటికప్పుడు అల్లిన తంతు అది. ఎంత తెలివైన మనిషి, మా అమ్మ భయం పోవడానికి ఎంత బాగా ఆడింది, అని చాలాకాలం మురిసిపోయాను. చదువుకున్నదాన్ని కదా, నాకు అంతవరకే అర్థమైంది.

ఆమె ఆడలేదు. మరునాటి నుంచే చేనిలో తోటి కూలీలు ఎట్లా పిలిచినా పలికేది కాదట, తిప్పమ్మా అంటేనే పలికేదట. ఈ వయసులో దీనికేం పేర్ల పిచ్చి పట్టిందని నవ్వారు, తరవాత అలవాటు పడ్డారు. ఆమెకు జ్వరం వచ్చినప్పుడల్లా కోడలితో, "వచ్చినట్టుండాది లే, ఆదోనిలో కూసు బాగుండాదేమో కనుక్కోండి" అనేదట. నాకోసం చావు నిజంగానే తిరుగుతున్నదని నమ్మింది. నమ్మి, దానికి తన ఇల్లు చూపించింది. ఆ నమ్మకం వెర్రిదే కావచ్చు. ఆ వెర్రిలో ఆమె ఇచ్చింది మాత్రం ప్రాణమే. మిగిలినది ఇవ్వడం, అక్కర తీరినది ఇవ్వడం మనందరికీ తెలుసు. దీవెన అంటే నెత్తిన చెయ్యి పెట్టి నాలుగు మంచి మాటలు అనడమనే నేనూ అనుకునేదాన్ని. ఇంకొకరి మీదికి రాబోయేదాన్ని నా మీదికి రానీ అని ఎదురు నిలబడటమే దీవెన అని తెలిసేసరికి నా జుట్టు నెరిసింది.

నేను కొత్త పేరుతో చదువుకున్నాను, ఎమ్మిగనూరులో ఉద్యోగం చేశాను, అక్కడే కాపురం పెట్టాను. ఊరికి పోయినప్పుడల్లా ఎత్తుకున్నమ్మకు మా ఎమ్మిగనూరు నేత చీర పెట్టేదాన్ని. ఆమె దాన్ని కళ్లకు అద్దుకుని, నా ముఖం నిమిరి, ఒళ్లు బాగుందా కూసా అని అడిగేది. నా భర్త గురించి అడిగేది, పిల్లల గురించి అడిగేది. నేను ఆమె మోకాళ్ల నొప్పుల గురించి అడిగేదాన్ని. అన్నీ మాట్లాడుకున్నాం. అన్నీ మాట్లాడుకున్నామనే అనుకున్నాను.

ఆమె పండిపోయి, మంచాన పడకుండానే పోయింది. కబురు తెలిసి పోయేసరికి పూడ్చిపెట్టారు. కర్మలన్నీ అయ్యాక చిన్నకొడుకు నన్ను పక్కకు పిలిచాడు. నాకంటే రెండు మూడేళ్లు చిన్నవాడు. సమాధి మీద బండ పెట్టిస్తున్నారట, ఆదోనిలో చెక్కేవాడికి పేరు చెప్పాలట. "అక్కా, తిప్పమ్మ అని రాయిస్తే నీకు ఏమన్నా అవుతాదా?" అని అడిగాడు. నాకు మొదట అర్థం కాలేదు. "అది నీ పేరు కదక్కా. బతికుండే మనిషి పేరు బండ మీద యాల రాయించేది అని మా వాళ్లు అంటాండారు. మా అమ్మ అసలు పేరు నీకేమన్నా తెలుసునేమో అని అడుగుతాండాను" అన్నాడు.

నేను అతని ముఖం చూశాను. తల్లి పేరు కొడుకుకు తెలుస్తుందని నేను, తన తల్లి అంత ప్రేమగా చూసుకున్న మనిషికి తెలుస్తుందని అతను. వాళ్ల నాయన ఎన్నడూ ఆమెను పేరు పెట్టి పిలవలేదట, 'ఇదిగో' అనేవాడట. అత్త 'కోడలా' అనేది. పింఛను కార్డులో కూడా తిప్పమ్మే. మా అవ్వకు తెలిసి ఉండేది, మా అమ్మకు, ఆ కాలం కూలీలకు తెలిసి ఉండేది, వాళ్లెవరూ ఇప్పుడు లేరు. హొళగుంద వైపు ఆమె పుట్టిన ఊరికి కూడా పోయి చూశాను. ఆ ఇల్లు పడిపోయి ఎన్నాళ్లో అయింది. అరుగు మీద కూర్చున్న ఒక ముసలాయన, "ఈ ఊర్నించి శానామంది ఆడపిల్లోళ్లు పోయినారమ్మా, ఏ పేరుగల పిల్లో సెప్తే కదా సెప్పేది" అన్నాడు. వచ్చిన బస్సుకే తిరిగి వచ్చేశాను.

చివరికి ఏమీ కాదులే, రాయించు అని నేనే చెప్పాను. మా ఊరి శ్మశానంలో ఆ బండ మీద ఉన్నది నా పేరే. ఎతుక్కుంటూ వచ్చినదానికి ఆమె చెప్పినట్టే, చెప్పిన చోటే, ఆ పేరు దొరికింది. నేను మాత్రం వేరే పేరుతో, అంతా బాగానే ఉండి, ఇక్కడ కూర్చుని ఇది రాస్తున్నాను.

ఆ రోజు నుంచి నాకు మిగిలినది దుఃఖం ఒకటి, అలవాటు ఒకటి. పాలు పోసే పిల్లను, ఆసుపత్రిలో సూది వేసే అమ్మాయిని, బస్సులో లేచి నాకు చోటిచ్చిన వాళ్లను, ఎవరి చేతి నుంచి ఏమి తీసుకున్నా ముందు నీ పేరేమిటమ్మా అని అడుగుతాను. అవ్వకు ఊళ్లోవాళ్లందరి పేర్లూ కావాలి అని మనవలు ఎగతాళి చేస్తారు. చేయనీ. అన్నిటికంటే పెద్దది ఇచ్చిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇన్నేళ్లు మాట్లాడి, అమ్మా నీ పేరేమిటి అని నేను ఒక్కసారైనా అడగలేదు.