బావ ఏనుగును నేను తప్పుపట్టిన రోజు

మొన్న ఆదివారం తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ల క్లబ్ హౌస్‌లో చదరంగం నేర్పే కోచ్, ఓ చిన్నపిల్ల ఆడిన ఎత్తును ట్యాబ్‌లో చదరంగం యాప్‌తో సరిచూసి, ఆ పిల్ల నోరు విప్పేలోపే తప్పని కొట్టిపారేస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఆయన మీద విరుచుకుపడే అర్హత నాకెక్కడిది, ఆ పాపం ఆయనకంటే ముందే మూటగట్టుకున్నవాణ్ణి.

అప్పట్లో నేను గచ్చిబౌలిలో కిరాయికుంటూ, రాయదుర్గం ఆఫీసులో లినక్స్ సర్వర్లు చూసుకుంటూ, ఆ నాలుగు కమాండ్లు తెలిసినందుకే నా అంతవాడు లేడని విర్రవీగేవాణ్ణి. సంగారెడ్డి దగ్గర లెక్కల మాస్టారుగా ఉన్న మా బావ, ఆదివారాల్లో అక్కతో వచ్చి, భోజనాలు కాగానే బోర్డు పరిచేవాడు. నన్ను ఒక్కసారీ గెలవనిచ్చేవాడు కాదు. పైగా కాలేజీ రోజుల్లో తెల్లపావులతో ఏనుగును బలిచ్చి జిల్లా పోటీ గెలిచిన వైనాన్ని వచ్చినప్పుడల్లా వినిపించేవాడు. విని విని ఆ ఎత్తులన్నీ నాకూ కంఠతా వచ్చేశాయి, అసూయా పెరిగింది.

అందుకే ఒకరోజు ఆ ఆటను ల్యాప్‌టాప్‌లోని చదరంగం డేటాబేస్‌లోకి ఎక్కించి, ఎత్తుల తప్పొప్పులు లెక్కగట్టే ఇంజిన్‌తో దాని పని పట్టిద్దామని కూర్చున్నాను. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. తీరా చూస్తే ఏదో పర్మిషన్ గొడవతో డేటాబేస్‌లో ఇంజిన్ కదల్లేదు. పరువు పోతుందని కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరిచి, బావ ఏనుగును బలిచ్చిన చోటి నుంచి ఇంజిన్‌ను నేరుగా నడిపాను. అంకెలు జలజలా రాలాయి, అన్నింటి ముందూ మైనస్. డేటాబేస్‌లో మైనస్ అంటే తెల్లపావులు ఓడుతున్నట్టే కనుక, బావ గెలిచింది ఎదుటివాడి తెలివితక్కువ వల్లేనని తీర్పు చెప్పి పకపకా నవ్వాను. అక్క కూడా నవ్వింది.

“ఏ ఎత్తుకు నేను ఓడుతనో గది చూపియ్యి బామ్మర్దీ,” అన్నాడు బావ. మెషీన్ చెప్పాక ఇంకా చూపించేదేముందన్నాను. ఆయన పావులన్నీ డబ్బాలో వేసి లేచాడు. ఆ తర్వాత నాతో ఆడలేదు, పలకరింపులూ పొడిపొడిగానే. ఓడినవాడికి అంత ఉక్రోషమా అని నేనూ బెట్టు చేశాను.

కొన్నేళ్లకు గానీ అసలు సంగతి తెలియలేదు. టెర్మినల్‌లో ఇంజిన్ చెప్పే అంకె, అప్పుడు ఎవరి వంతో వారి పక్షాన ఉంటుందట. బావ ఏనుగును ఇచ్చాక వంతు నల్లపావులది, ఆ మైనస్ వాళ్లది, అంటే ఓడుతున్నది ఎదుటివాడే. బావ ఆడింది నిఖార్సైన ఎత్తు. అది తెలిశాక కూడా నేను నోరు విప్పలేదు, అంత పొగరు నాకు.

మొన్న క్లబ్ హౌస్ నుంచి రాగానే ఫోన్ చేసి అంతా ఒప్పుకున్నాను. బావ అంతా విని అన్నాడు:

“నా ఏనుగు సరైందని నాకు ఎర్కనేరా. నల్లపావులు వట్టుకొని నాతోని ఆడి చూపిస్తవేమో అని చూసిన. నువ్వు నన్ను లెక్కనే చెయ్యకపోతివి. గిప్పుడు యాదికొచ్చిందా? ఇగ నేను నీతోని ఆడనే ఆడ.”

ఒకప్పుడు ఒకరి ఎత్తును తప్పనాలంటే వారి ఎదుట కూర్చుని ఓడే ధైర్యం ఉండాలి. ఇప్పుడు ఆ ధైర్యం ఎవరికీ అక్కర్లేదు. అందరికంటే ముందు అక్కర్లేదనుకున్నది నేనే.