పిలక అక్షరాలు, టోపీ అక్షరాలు

మొన్న ఆదివారం కూరెకుప్ప నుంచి మా పెద్దమ్మాయి, అల్లుడు, పదమూడేళ్ళ మనవరాలు బళ్ళారికి వచ్చి, ఎండ కాస్త తగ్గాక నన్ను కూడా కారెక్కించుకుని ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణానికి తీసుకుపోయారు. వాళ్ళింట్లో వారం రోజులుగా ఒకటే రగడట. బొమ్మలు గీసుకోవడానికి, చదువుకోవడానికి మానిటర్ కావాలని పిల్ల, హాల్లో గోడకు పెద్ద టీవీ ఉండాలని అల్లుడు, రెండింటిలో ఏదో ఒకటే కొంటానని మా అమ్మాయి. తీర్పు చెప్పడానికి నన్ను పెద్దమనిషిగా పెట్టుకున్నారు. తీరా నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, గోడ నిండా వెలుగుతున్న ఆ తెరలను చూసి నోరు తెరుచుకుని నిలబడిపోవడం. ఒకదానిలో చేప ఈదుతోంది, దాని పొలుసులు లెక్కపెట్టవచ్చు.

అక్కడ పనిచేసే అబ్బాయి నా మొహం చూసి నవ్వి, "దూరం కూర్చోని చూసేదైతే టీవీ తీస్కోండి అజ్జీ, దగ్గర కూర్చోని చదివేదైతే మానిటరు. అష్టే" అని కన్నడం కలిపి అంతేనని తేల్చేశాడు. ఆఖరికి రెండు పనులూ చేసే తెర ఒకటి ఉందని చూపించాడు, తండ్రీకూతుళ్ళు రాజీపడ్డారు, నా తీర్పు అవసరం లేకుండానే బేరం ముగిసింది. కానీ ఆ అబ్బాయి అన్న ఒక్క ముక్క నా చెవిలో అలాగే ఉండిపోయింది. పాతికేళ్ళ కింద ఆ ముక్క మాకు ఎవరైనా చెప్పి ఉంటే, మా ఇంట్లో ఒక పెళ్ళి చెడిపోయేదాకా వచ్చేది కాదు.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన బళ్ళారి వైపు తెలుగు వాళ్ళ పెళ్ళిపత్రికలు ఒక పక్క కన్నడంలో, ఒక పక్క తెలుగులో ఉండేవి. ఊళ్ళో వాళ్ళకు కన్నడం, సరిహద్దు దాటి అనంతపురం వైపు ఉన్న చుట్టాలకు తెలుగు. నేను చదివింది కన్నడ బడిలోనే అయినా మా నాయన ఇంట్లో పట్టుబట్టి తెలుగు నేర్పించాడు. ఆ పుణ్యాన బజారులో ఒక ప్రెస్సులో నాకు పని దొరికింది. మొదట్లో సీసం అక్షరాలు ఏరి పేర్చేవాళ్ళం, వేళ్ళ చివర్లు ఎప్పుడూ నల్లగా ఉండేవి, అన్నం కలుపుకునేటప్పుడు కూడా ఆ వాసన వదిలేది కాదు. తర్వాత ప్రెస్సుకు కంప్యూటరు వచ్చింది. రెండు లిపులూ తెలిసినదాన్నని యజమాని ఆ కుర్చీ నాకే ఇచ్చాడు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి రోజు ఇంటికి నడిచి వచ్చానో ఎగిరి వచ్చానో నాకు తెలియదు.

పెద్దమ్మాయి పుట్టిన పదేళ్ళకు చిన్నది పుట్టింది, నెలలు నిండకుండా. అరచేతిలో పట్టే పిల్లను వదిలి బయటికి పోయే వీలు లేదు. నేను పని మానేస్తానంటే యజమాని ఒప్పుకోలేదు. పాత కంప్యూటరు పెట్టె ఒకటి తక్కువ ధరకు ఇచ్చి, తెర మమ్మల్నే కొనుక్కోమని, ఇంట్లోనే కంపోజు చేసి ఫ్లాపీలో పంపమన్నాడు, కాకపోతే మొదటి పనిలో తప్పు పోతే ఈ ఏర్పాటు అంతటితో సరి అని ముందే చెప్పాడు. ఆ పని పోతే ఇంకొకటి దొరికేది కాదు. దొరికినా, రెండు భాషలూ వచ్చిన మనిషిగా నన్ను పిలిచే చోటు ఇంకెక్కడా లేదు.

సరిగ్గా అప్పుడే మా అత్తకు టీవీ మీద మనసు పడింది. మా ఆయన గిన్నెల దుకాణంలో గుమాస్తా, టీవీ, మానిటర్ రెండూ కొనే స్తోమత మాకు లేదు. అత్త సాయంత్రం పూట పక్కింటికి పోయి, వాళ్ళ గడప దగ్గర కూర్చుని సీరియల్ చూసేది. వాళ్ళు భోజనాలకు కూర్చునేటప్పుడు తలుపు దగ్గరగా వేసుకునేవాళ్ళు, ఈమె సగం కథ విని సగం ఊహించుకుని ఇంటికి వచ్చేది. నోరు తెరిచి ఒక్క మాట అనలేదు గానీ ఆ గడప ఆమెను ఎంత కోసిందో నాకు తెలుసు. నేను మానిటర్ అన్నప్పుడు మాత్రం గట్టిగా నవ్వేసింది. "మానిటరా? బడిలో గలాటా చేసే పిలకాయల పేర్లు బోర్డు మీద రాసేటోడు కదే మానిటరంటే? వాడ్ని కొనుక్కోని ఏం జేస్తావే?"

మా ఆడబిడ్డ భర్త అన్నీ తెలిసిన మనిషి. తెలియనివి కూడా ఆయనకు తెలుసు. కంప్యూటరుకు మానిటర్ లేకపోతే ఏం, టీవీకే వైరు తగిలించుకోవచ్చు, పగలు కోడలికి పని, సాయంత్రం అత్తకు కథ అన్నాడు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు. అందరికీ నచ్చింది, నాకు కూడా నచ్చింది. టీవీ వచ్చిన రోజు అత్త దానికి పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, ఎర్రంచు పాత చీరతో కుట్టిన గుడ్డ కప్పింది. మా గదిలో మా అక్షరాలు అంత పెద్ద అద్దం మీద పడుతుంటే చిన్నదాన్ని ఒళ్ళో వేసుకుని కళ్ళార్పకుండా చూశాను. అంచులు కొంచెం ఉబ్బి, తడిసిన కాగితం మీద సిరాలా అలుక్కున్నట్టు కనిపించాయి. కొత్త కదా, కళ్ళు అలవాటు పడాలి అనుకున్నాను.

మొదటి పని మా అత్త తమ్ముడి కూతురి పెళ్ళిపత్రిక. ఆయనది కప్పగల్లు, మగపెళ్ళివారిది తాడిపత్రి దగ్గర పల్లె. ఆ రోజుల్లో మా కంప్యూటరులో రెండు లిపులకూ మీటలు ఒకటే, పైన కన్నడం అని మారిస్తే కన్నడం పడుతుంది, తెలుగు అని మారిస్తే తెలుగు. నేను కన్నడం వైపు అంతా కొట్టి, పెళ్ళికొడుకు తాతగారి పేరున్న వరుసను మళ్ళీ కొట్టడం ఎందుకని అలాగే ఎత్తి తెలుగు వైపు పెట్టాను. లిపి మార్చడం మరిచాను. అచ్చు వేసే ముందు ప్రెస్సు యజమాని చదివాడు, అత్త తమ్ముడు చదివాడు, నేను చదివాను. అందరం బాగుందన్నాం, పత్రికలు అచ్చయి ఊళ్ళకు పోయాయి.

నాలుగు రోజులకు అత్త తమ్ముడు పత్రిక చేతిలో పట్టుకుని, మెడ మీది తువాలుతో మొహం తుడుచుకుంటూ మా ఇంటికి వచ్చాడు. తాడిపత్రి నుంచి ఫోను వచ్చిందట. "వాళ్ళ పెద్దాయన పేరు గీతలు గీసి పెట్టినామంట అక్కా. మర్యాద తెలీని ఇంట్లో పిల్లను చేసుకునేది లేదంటాండారు. పేరు సరిగ్గానే ఉండాది కదా, యాడ తప్పు చేసినామో అర్థం కాకుండా ఉండాది." ఆ గొంతు ఇప్పటికీ నాకు వినబడుతుంది. పెళ్ళికి ఇరవై రోజులు కూడా లేవు. నేను తీసుకుని చదివాను. పేరు సరిగ్గా ఉంది. ఇంటిపేరు ఉంది, దీర్ఘాలు ఒత్తులు అన్నీ ఉన్నాయి. మా ఆయన చదివాడు, పైకి గట్టిగా చదివాడు, ఆయనకూ అంతే. ముగ్గురం ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కుని చదువుతున్నాం, తప్పు మాత్రం కనబడదు.

మా అత్త గడపలో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. ఆమెకు ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు, వేలిముద్ర మనిషి. "ఇట్ల తేప్పా" అని తమ్ముడి దగ్గర పత్రిక తీసుకుని, ముగ్గును చూసినట్టు కాస్త దూరంగా పట్టుకుని చూసింది. చూసి, ఒక వరుస మీద వేలు పెట్టింది.

"ఈ పక్క అన్నిటికీ తలమీద పిలక ఉండాది. ఈ ఒక్క సాలులో మాత్రం టోపీ ఉండాది. ఏందిది?"

పత్రిక లాక్కుని ఆ వరుస మళ్ళీ చూశాను. తెలుగు అక్షరం తలకట్టు పైకి లేచిన పిలక, కన్నడ అక్షరం తలకట్టు అడ్డంగా పెట్టిన టోపీ. మిగతా ఒళ్ళంతా చాలావరకు ఒకటే. రెండు లిపులూ వచ్చిన మేము ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి తెలియకుండానే దాటేసి చదువుకుంటూ పోయాం. కన్నడం రాని తాడిపత్రి వాళ్ళకు ఆ వరుస ఉత్త గీతలు. చదువు వచ్చిన ముగ్గురికి కనబడనిది, చదువు రాని మనిషికి చెనక్కాయలు ఒలుస్తూ కనబడింది. అంతకు మించిన వింత నా జన్మలో నేను చూడలేదు.

పరుగున పోయి టీవీ పెట్టి, ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరగా చూశాను. ఆ అలుకుడులో పిలకా లేదు, టోపీ లేదు, అన్నీ ఒకే ముద్ద. దూరం నుంచి మనుషుల మొహాలు చూడడానికి చేసిన పెట్టెలో దగ్గర కూర్చుని అక్షరాలు వెతికాను నేను. ఆ మధ్యాహ్నమే ప్రెస్సులో పత్రికలు మళ్ళీ వేశారు. అత్త తమ్ముడు, యజమాని ఇద్దరూ కలిసి తాడిపత్రికి పోయి, ఆ పెద్దాయన చేతనే ఆయన పేరు చదివించి, మన్నించమని చేతులు పట్టుకుని వచ్చారు. పెళ్ళి నిలిచింది. నా పని నిలవలేదు. ఇంటి దగ్గర ఏర్పాటు ఇంక వద్దమ్మా అన్నాడు యజమాని. ఆయన తప్పు లేదు.

వంటింట్లో మొహం గోడకు తిప్పుకుని ఏడుస్తుంటే అత్త వచ్చి నిలబడింది. ఓదార్చే అలవాటు ఆమెకు లేదు. మా ఆయనను పిలిచి, "ఆ పెట్టె వాపస్ ఇచ్చేసి మానిటరే తేప్పా" అంది. నీకు మళ్ళీ ఆ పక్కింటి గడపేనా అన్నాడు మా ఆయన. అత్త ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆ గడప కాడికి నేనింక పోను. కథలో వాళ్ళ కష్టాలు నేను చూడకున్నా నడుస్తాయి. దీని పని నడవదు." నేను కడుపున పుట్టిన కూతుర్ని కాను, రోజూ ఉప్పు ఎక్కువైందనో పులుపు తక్కువైందనో వాదులాడుకునే కోడల్ని. టీవీ కొని నెల కూడా కాలేదని దుకాణం వాళ్ళు వెనక్కి తీసుకున్నారు. ఎర్రంచు గుడ్డ మడిచి ట్రంకుపెట్టెలో పెట్టేటప్పుడు మాత్రం అత్త నా వైపు చూడలేదు.

మానిటర్ వచ్చింది. టీవీ కంటే చిన్నది, ఎత్తితే మాత్రం ఇద్దరు పట్టాలి. నేను తెలుగులో ఒక్క క కొట్టి తెర నిండేంత పెద్దది చేశాను. నల్లటి అంచు కత్తితో కోసినట్టుంది, పైన పిలక కుదురుగా నిలబడింది. పక్కనే కన్నడ క పెట్టాను, దాని టోపీ దానిది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి రాస్తున్న అక్షరాలను ఆ రోజే మొదటిసారి చూసినట్టు అనిపించింది. అత్త వేలితో అద్దం మీద ఆ పిలకను తడిమి, "వీడు నిజంగా మానిటరే, తప్పు చేసినోళ్ళను పట్టిస్తాడు" అంది.

ఆ రోజు నుంచి సీరియల్ వచ్చే వేళకు ఆమె నా పక్కన పీట వేసుకుని కూర్చునేది. నేను చదివి సరే అన్న ప్రతి పుటనూ ఆమె చదవకుండా చూసేది. పిలకల మధ్య టోపీ, టోపీల మధ్య పిలక, ఎక్కడ ఉన్నా ఆ వేలు దాని మీదికే పోయేది. యజమానిని బతిమాలి తెచ్చుకున్న రెండో పనిలో, మూడో పనిలో ఒక్క తప్పు పోలేదు. కొన్నాళ్ళకు ఆయనే వేరే వాళ్ళు కంపోజు చేసినవి కూడా పంపి, అత్తమ్మకు ఒకసారి చూపించమనేవాడు. ఆ కబురు వచ్చిన రోజు మా అత్త నడకే వేరు. ఒకసారి నేను ఉత్సాహం కొద్దీ ఆమెకు అక్షరాలు నేర్పిస్తానని పలక తెచ్చాను. పలక వెనక్కి నెట్టేసింది. "వద్దే తల్లీ. సదువొస్తే నేనూ మీ మాదిరే గుడ్డిదాన్నయిపోతా."

ఇప్పుడు పెళ్ళిపిలుపులు ఫోనులోకి వస్తున్నాయి, పాటలతో, పూలవానతో. తెలుగు వైపు అడిగేవాళ్ళు తగ్గిపోయారు, అడిగినా లిపి మరిచిపోయే అవకాశమే లేకుండా యంత్రమే చూసుకుంటోంది. ఇంగ్లీషు బడిలో చదివే నా మనవరాలికి పిలకా ఒకటే టోపీ ఒకటే, రెండూ బొమ్మల్లాగే కనబడతాయి. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో నాకు తెలియదు. తెరలు ఇంత స్పష్టంగా వెలిగే కాలం వస్తుందని మేము కలలో కూడా అనుకోలేదు. చూసే కళ్ళు ఇలా తగ్గుతాయని కూడా అనుకోలేదు.

మా అత్త పోయిన తర్వాత వైకుంఠ సమారాధన పత్రిక నేనే కంపోజు చేశాను, ఒక పక్క కన్నడం, ఒక పక్క తెలుగు. అప్పటికి మానిటర్ మారి పలకలా పలచబడింది, వెంట్రుకంత గీత కూడా దాచదు. మూడుసార్లు చదివాను, తప్పు లేదు. చదివితే కనబడదని తెలుసు గనుక చదవడం ఆపి, ఆమె చూసినట్టు దూరం జరిగి, ఉత్త గీతలుగా చూద్దామని చాలాసేపు కూర్చున్నాను. మిగతా వరుసలన్నీ గీతలయ్యాయి గానీ ఆ పేరు మాత్రం ఎంత చూసినా గీతలు కాలేదు, మా అత్త పేరుగానే నిలబడింది. పత్రిక అలాగే ప్రెస్సుకు పంపాను. అందులో తప్పు ఉందో లేదో ఈ రోజుకూ నాకు తెలియదు.