ఎర్రపిల్లల మడుగు

కళాయి పోసే మౌలాలీ రోజూ కొలిమి రాజేయకముందే చూరులోంచి గాలం తీసి, మొనను బొటనవేలి గోటి మీద గీసి చూసుకుని, మళ్లీ అక్కడే దోపుతాడు.

1943 తొలకరికి నరసరావుపేట నుంచి బావమరిది వచ్చాడు.

"మా బావ గాలమేస్తే కొర్రమీను రాక చస్తుందా!" అన్నాడు.

మౌలాలీ పొంగిపోయి అచ్చంపేట అవతల కృష్ణ మడుగుకు పోయాడు. పొద్దెక్కినా ఏమీ పడలేదు. చివరికి నీటి మీద ఎర్రటి కొర్రమీను పిల్లల గుంపు కనబడింది. కింద తల్లి కాపలా ఉంటుంది కనుక అక్కడ గాలం వేయడం వాళ్ల ఊళ్లో తప్పు. మౌలాలీ అటూ ఇటూ చూసి, ఎర కప్పను గుంపు మధ్యలోనే వేశాడు. తల్లి ఎగిరి కరిచింది.

ఇంట్లో అందరూ మెచ్చుకుంటుంటే, అతనికి గాలం నేర్పిన చిన్నాన్న అలీ సాహెబ్ చేప మూతి తిప్పి చూశాడు.

"ఆకలేసిన చేపైతే గాలం లోపలికి మింగుద్ది. దీనికి పెదవి చివర గుచ్చుకుంది. పిల్లల కోసం వచ్చిందిరా ఇది. నీకింకో చేపే దొరకలా?"

బావమరిది నవ్వు ఆగిపోయింది. మౌలాలీ తల ఎత్తలేకపోయాడు. మర్నాడు మడుగుకు పోతే ఒక్క పిల్లా మిగల్లేదు.

ఇప్పుడు వాళ్లింట్లో చేప కావాలంటే భార్య ఖైరున్నీసా సంతలో కొంటుంది.